పల్సార్ వేసే తాళం, చెల్లో పక్కన ల్యాప్‌టాప్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఖగోళ భౌతికశాస్త్రం నుంచి పుట్టిన ఛాంబర్ సంగీతం (కొద్దిమంది వాద్యకారులు కలిసి వాయించేది) గురించి, అందులో వాద్యాలకు తోడుగా వేదికపైనే అప్పటికప్పుడు పనిచేసే ఎలక్ట్రానిక్స్ గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్ని కుతూహలంతో రాసినవి, కొన్ని కోపంతో రాసినవి. రెండు రకాలవీ తీసుకున్నాను.

ప్రశ్న: నలుగురు తీగవాద్యకారులు, ఒక ల్యాప్‌టాప్ ఉన్న కచేరీకి వెళ్లాను. "నక్షత్రాల ధ్వని వినండి" అని ప్రకటించారు. అంతరిక్షంలో గాలే లేదు కదా, ధ్వని ఎక్కడినుంచి వస్తుంది? ఇది జనాన్ని మభ్యపెట్టడం కాదా?

మీ అనుమానం సబబే, ఆ ప్రకటన రాసినవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా రాయాల్సింది. పల్సార్ అనే రకం నక్షత్రం నుంచి మనదాకా వచ్చేది రేడియో తరంగం. యాంటెనా దాన్ని పట్టుకుంటుంది, ఆ సిగ్నల్‌ని స్పీకర్‌కి కలిపితే అప్పుడు మన చెవికి ఏదో వినబడుతుంది. రేడియోలో పాట వింటున్నప్పుడు ఆ పాట గాలిలో ఎగురుకుంటూ వచ్చిందని ఎవరూ అనుకోరు కదా, ఇదీ అంతే.

కానీ మభ్యపెట్టడం అని మాత్రం అనలేను, ఎందుకంటే ఒక్కో సిగ్నల్ సంగతి ఒక్కో రకం, అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. పల్సార్లనే తీసుకోండి. చచ్చిపోయిన పెద్ద నక్షత్రం తాలూకు గుండెకాయ లాంటి న్యూట్రాన్ నక్షత్రం గిరగిరా తిరుగుతూ ఉంటుంది, దాని రేడియో పుంజం భూమివైపు తిరిగిన ప్రతిసారీ మనకో టిక్ అందుతుంది. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థినిగా ఉన్న జోసెలిన్ బెల్ మొట్టమొదట గుర్తించిన పల్సార్ 1.337 సెకన్లకోసారి కొడుతుంది. 0329+54 అనే ఇంకో పల్సార్‌ది 0.714 సెకన్లు, అంటే నిమిషానికి దాదాపు 84 దెబ్బలు. మెట్రోనోమ్‌ని 84 దగ్గర పెట్టి సాధన చేసినవాళ్లకి ఆ నడక కాళ్లకి, చేతులకి తెలిసిపోతుంది. వేలా పల్సార్ సెకనుకు 11 సార్లు తిరుగుతుంది, ఇక లెక్కపెట్టలేం, గరగరమని ఒక రాపిడిలా ఉంటుంది. క్రాబ్ పల్సార్ సెకనుకు 30 సార్లు. అక్కడికి వచ్చేసరికి విడివిడి దెబ్బలు కలిసిపోయి బాగా కింది మంద్రంలో ఒక స్వరం మొదలవుతుంది, పియానో మీద అన్నిటికంటే కింది మెట్టు 27.5 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని కంపనాలు) కాబట్టి దాదాపు దాని పక్కనే అన్నమాట. 1982లో కనిపెట్టిన ఒక పల్సార్ సెకనుకు ఏకంగా 642 సార్లు తిరుగుతుంది, అది హాయిగా గొంతెత్తి పాడుకోగల స్వరం. లయ ఎక్కడ ఆగి స్వరం ఎక్కడ మొదలవుతుంది అనే ప్రశ్న సంగీతంలో ఎంతో పాతది, దానికి ఆకాశంలోనే ఇలా మెట్లు మెట్లుగా ఉదాహరణలు దొరుకుతుంటే స్వరకర్తలు ఊరుకుంటారా?

గురుత్వ తరంగాలది, అంటే స్థలకాలంలోనే పుట్టే అలలది, ఇంకో తీరు. 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో పరిశోధనశాల పట్టుకున్న మొదటి సిగ్నల్ సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినప్పటిది. అది కూడా ధ్వని కాదు, కానీ దాని పౌనఃపున్యం 35 హెర్ట్జ్ నుంచి 250 హెర్ట్జ్ దాకా సుమారు 0.2 సెకన్లలో ఎగబాకింది. అంటే మన చెవి పట్టుకోగల పరిధిలోనే, దాదాపు మూడు స్థాయిలు (ఆక్టేవ్‌లు) జారుతూ పైకి పోయిన ఒక గమకం. పెద్దగా మార్పులేవీ చేయకుండానే స్పీకర్‌లో వినవచ్చు.

ఇక "గాలే లేదు" అన్నారు కదా, అది కూడా అన్నిచోట్లా నిజం కాదు. పెర్సియస్ గెలాక్సీ సమూహంలో గెలాక్సీల మధ్యంతా వేడి వాయువు నిండి ఉంది, మధ్యలో ఉన్న కృష్ణబిలం వల్ల ఆ వాయువులో పీడన తరంగాలు పుడుతున్నాయి, అవి అక్షరాలా ధ్వని తరంగాలే. 2003లో చంద్రా ఎక్స్‌రే టెలిస్కోప్ చిత్రాల నుంచి దాని స్వరం లెక్కకట్టారు. పియానో నడిమి సి కంటే 57 స్థాయిలు కిందున్న బి-ఫ్లాట్. ఒక్క కంపనానికి దాదాపు కోటి సంవత్సరాలు పడుతుంది. దాన్ని మనకి వినిపించాలంటే 57 స్థాయిలు పైకి లేపాలి మరి.

నాకున్న పట్టుదల ఇక్కడే. ఎన్ని స్థాయిలు లేపారు, ఎన్ని రెట్లు వేగం పెంచారు, ఏది యంత్రం కొలిచింది, ఏది స్వరకర్త ఎంచుకున్నది అన్నది కార్యక్రమ పత్రంలో రెండు లైన్లలో రాసేస్తే సరిపోతుంది. రాస్తే శ్రోతకి అనుమానం పోతుంది, సంగీతం మీద దృష్టి నిలుస్తుంది. రాయకపోతే మీలాంటివాళ్లు మోసపోయామనుకోవడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: ఆ ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్న మనిషి అసలేం చేస్తాడు? ముందే రికార్డు చేసింది ప్లే చేసి ఊరికే తల ఊపుతున్నట్టు అనిపించింది.

కొన్ని కచేరీల్లో అదే జరుగుతుంది, కాదనను. ముందే సిద్ధం చేసిన ట్రాక్‌తో కలిసి వాయించడం ఒక పద్ధతి, అందులో కూడా గొప్ప రచనలున్నాయి. లైవ్ ఎలక్ట్రానిక్స్ అంటే మాత్రం వాద్యం ముందు మైకు ఉండాలి, ఆ క్షణంలో వాద్యకారుడు వాయించింది కంప్యూటర్‌లోకి పోయి, మారి, మళ్లీ స్పీకర్లలోంచి రావాలి. వాద్యకారుడు ఆగిపోతే అక్కడ కొత్తగా ఏదీ పుట్టకూడదు.

ఒక్క పనిముట్టు దగ్గరగా చూద్దాం, రింగ్ మాడ్యులేటర్. రెండు సిగ్నళ్లని అది గుణిస్తుంది. చెల్లో (వయొలిన్ జాతికి చెందిన పెద్ద వాద్యం) మీద 440 హెర్ట్జ్ స్వరం పలికిస్తున్నారు, యంత్రంలో 100 హెర్ట్జ్ శుద్ధ స్వరం ఉంది అనుకోండి, బయటికి 540, 340 వస్తాయి, కూడితే ఒకటి, తీసేస్తే ఒకటి. చెల్లో వేలు కాస్త పైకి జరిగి 450 అయితే 550, 350. ఇప్పుడు చెల్లోని కదపకుండా యంత్రంలోని స్వరాన్ని 100 నుంచి 200కి మెల్లగా జరపండి, ఒకటి పైకి, ఒకటి కిందికి విడిపోతూ పోతాయి. ఒక్క మనిషి వాయిస్తుంటే మూడు గొంతులు, అవి సహజమైన శ్రుతుల వరసలో ఉండవు కాబట్టి గంట మోగినట్టు, లోహం తాకినట్టు ఉంటుంది. ఇద్దరు పియానిస్టులు చెరో రింగ్ మాడ్యులేటర్‌తో వాయించేలా జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌజెన్ 1970లోనే "మంత్ర" అని పెద్ద రచన చేశాడు.

తర్వాత వచ్చిన పెద్ద మార్పు ఏమిటంటే, కంప్యూటర్ వాద్యకారుడి వెంట నడవడం నేర్చుకుంది. ప్యారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో స్వరకర్త ఫిలిప్ మనూరి 1987లో ఫ్లూట్ కోసం రాసిన "జుపిటర్"లో యంత్రం ఫ్లూట్‌ని వింటూ, స్వరలిపిలో ఇప్పుడు ఎక్కడున్నామో తానే పట్టుకుంటూ పోతుంది. వాద్యకారుడు ఒకచోట ఊపిరి ఎక్కువ తీసుకుంటే యంత్రం కూడా ఆగుతుంది. అంతకుముందు టేపుతో వాయించేవాళ్లకి ఎంత టెన్షనో, టేపు ఎవరికోసమూ ఆగదు కదా. ఈ పద్ధతి వచ్చాక లయ మళ్లీ మనిషి చేతికి వచ్చింది.

మరి ఆ కూర్చున్న మనిషి సంగతి. ఆయన చెయ్యి ఎక్కువగా ఉండేది స్పీకర్ల వాల్యూమ్ మీద. హాలు నిండా జనం ఉంటే ప్రతిధ్వని మారిపోతుంది, మైకు స్పీకర్‌ని వింటే కీచుమంటుంది, చెల్లో మెత్తగా వాయించేచోట ఎలక్ట్రానిక్స్ ఒక్క వీసం ఎక్కువైనా చెల్లో మునిగిపోతుంది. పైగా యంత్రం స్పందించడానికి కొంత సమయం తీసుకుంటుంది. 10 మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఫర్వాలేదు, శబ్దం గాలిలో 3.4 మీటర్లు వెళ్లడానికి పట్టే సమయమే అది, పక్క వాద్యకారుడు కాస్త దూరంగా కూర్చున్నట్టు ఉంటుంది. అది బాగా పెరిగితే మాత్రం వాయించేవాళ్ల చేతులు తడబడతాయి. ఇదంతా చూసుకునే మనిషి ఆ బృందంలో మరో వాద్యకారుడే. నన్నడిగితే ఆయన్ని వేదిక మీద మిగతావాళ్ల పక్కనే కూర్చోబెట్టి, ఏం చేస్తున్నాడో ప్రేక్షకులకి కనబడేలా చూడాలి. కాకపోతే హాల్లో ఎలా వినబడుతోందో వేదిక మీంచి తెలియదు, అందుకే చాలాసార్లు ప్రేక్షకుల మధ్యలో కూర్చుంటారు. ఆ ఇబ్బంది నిజమైనదే.

ప్రశ్న: సైన్స్ పేరు తీసేస్తే ఈ సంగీతంలో ఏం మిగులుతుంది? "కృష్ణబిలం", "నెబ్యులా" అని పేరు పెట్టి ఏ శబ్దమైనా అమ్మేయొచ్చు కదా?

అమ్మేయొచ్చు, అమ్ముతున్నారు కూడా. పేరు గంభీరంగా పెట్టి, కింద ఒక పొడుగాటి గుయ్‌మనే మంద్రస్వరం, పైన బోలెడంత ప్రతిధ్వని వేసేసి అంతరిక్షం అనేయడం చాలా చోట్ల వింటున్నాను, నాకు విసుగ్గా ఉంటుంది. అంతరిక్షం అంటే నెమ్మదిగా, మసకగా, విశాలంగా ఉండేదే అని ఎవరు చెప్పారు? వేలా పల్సార్ సెకనుకు 11 దెబ్బలు కొడుతుంటే!

నేను చూసేది ఒక్కటే. ఆకాశం నుంచి తీసుకున్నది ఆ రచన నడకని శాసిస్తోందా, లేక పోస్టర్ మీదే ఆగిపోయిందా? శాసించడం అంటే ఏమిటో తెలియాలంటే ఫ్రెంచ్ స్వరకర్త జెరార్ గ్రిజే రాసిన "ల నువార్ ద లెత్వాల్" చూడాలి. 1985లో బర్క్‌లీలో ఖగోళ శాస్త్రవేత్త జోసెఫ్ సిల్క్ పల్సార్ల శబ్దాలు వినిపించడంతో గ్రిజేకి ఆ ఆలోచన పట్టుకుంది. ఆరుగురు పెర్కషన్ వాద్యకారులు ప్రేక్షకుల చుట్టూ నిలబడతారు, డ్రమ్ములు, లోహపు పలకలు, తాళాలు. మధ్యలో వాళ్లు వెనక్కి తగ్గి పల్సార్లకి చోటిస్తారు. వేలా దక్షిణాకాశంలో ఉంటుంది కాబట్టి దాని సిగ్నల్ ముందే రికార్డు చేసింది. 0329+54 మాత్రం, 1991 మార్చిలో బ్రస్సెల్స్‌లో తొలి ప్రదర్శన జరుగుతున్నప్పుడు, ఫ్రాన్స్‌లోని నాన్సే రేడియో టెలిస్కోప్ నుంచి నేరుగా హాల్లోకి వచ్చింది.

ఇందులో నన్ను పట్టి కుదిపేసే విషయం ఏమిటంటే, ఆ టెలిస్కోప్ ఏ నక్షత్రాన్నైనా అది తన ముందు నుంచి దాటే కాసేపే చూడగలదు, కాబట్టి కచేరీ ఎప్పుడు జరగాలో, సరిగ్గా ఏ నిమిషానికి పల్సార్ అందుకోవాలో నక్షత్రమే తేల్చింది. వాద్యకారులు వేల ఏళ్ల కింద బయల్దేరిన ఒక తాళానికి సరిగ్గా సమయానికి చేరాలి, అది వీళ్లకోసం ఒక్క దెబ్బ కూడా ఆగదు. ఇంతకుముందు టేపు ఎవరికోసమూ ఆగదని ఫిర్యాదుగా చెప్పాను, ఇక్కడ అదే గుణం రచనకి ప్రాణం అయింది. వాద్యకారుల లయలు కూడా ఆ ఆవర్తనాల నుంచే అల్లుకున్నవి, మెల్లమెల్లగా వేగం పెరగడం, తగ్గడం, రెండు నడకలు ఒకదాన్నొకటి దాటిపోవడం. పేరు తీసేసి వినిపించినా అది నిలబడుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు దారి అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్‌ది. 1961-62లో "అట్లాస్ ఎక్లిప్టికాలిస్" కోసం ఆయన చెక్ శాస్త్రవేత్త బెచ్వార్జ్ తయారుచేసిన నక్షత్ర పటాలు తీసుకుని, వాటిని స్వరలిపి మీదికి ఎక్కించి, నక్షత్రం ఉన్నచోటల్లా స్వరం పెట్టాడు. అక్కడ భౌతికశాస్త్రం ఏమీ లేదు, తన ఇష్టాయిష్టాలు స్వరాల ఎంపికలోకి రాకుండా చూసుకోవడానికి ఆకాశాన్ని వాడుకున్నాడు, ఆ మాట దాచుకోలేదు. మనకి నచ్చినా నచ్చకపోయినా అది కూడా నిజాయతీ ఉన్న పద్ధతే.

ప్రశ్న: నాకు ఫిజిక్స్ రాదు, పాశ్చాత్య సంగీతం కూడా అంతంతమాత్రమే. ఎక్కడ మొదలుపెట్టాలి?

"లిష్ట్‌బోగెన్"తో మొదలుపెట్టండి. ఫిన్లాండ్ స్వరకర్త కాయా సారియాహో 1986లో తొమ్మిది మంది వాద్యకారులకి రాసింది. ఉత్తర ధ్రువపు ఆకాశంలో కనబడే ధ్రువకాంతి దానికి మూలం. సూర్యుడి నుంచి వచ్చిపడే కణాలు మన వాతావరణంలోని అణువులని తాకినప్పుడు ఆ వెలుగు పుడుతుంది. రచనలో ఏ లెక్కలూ అర్థం చేసుకోనక్కర్లేదు. వయొలిన్, చెల్లో కమానులు ఎక్కడ తేలిగ్గా తాకుతున్నాయి, ఎక్కడ నొక్కి లాగుతున్నాయి అనేది ఒక్కటి గమనించండి. తేలిగ్గా ఉన్నప్పుడు శుద్ధమైన స్వరం, ఒత్తిడి పెరిగేకొద్దీ గరుకు, చివరికి స్వరమే పగిలి ఉట్టి రాపిడి మిగలడం. ఎలక్ట్రానిక్స్ ఆ మార్పుకి చుట్టూ వెలుగు వేస్తుంది, ఫ్లూట్ వాయించేవాళ్లు వాద్యంలోకి గుసగుసలాడేచోట మీకు గాలి, గొంతు, యంత్రం వేరువేరుగా తెలియవు. అక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ వినండి.

తర్వాత అమెరికన్ స్వరకర్త టెర్రీ రైలీ "సన్ రింగ్స్", 2002. నలుగురు తీగవాద్యకారుల బృందం క్రోనోస్ క్వార్టెట్, ఒక గాయకబృందం, వాటితో పాటు అయోవా విశ్వవిద్యాలయంలో డాన్ గర్నెట్ అంతరిక్ష నౌకల మీది పరికరాలతో సేకరించిన ప్లాస్మా తరంగాల రికార్డింగులు. ఈలలు, పిచ్చుకల కిచకిచల్లాంటి శబ్దాలు వస్తాయి. గంటకు పైగా ఉంటుంది, ఒకేసారి వినాలని పట్టుపట్టకండి. గ్రిజే రచన మాత్రం వీలైతే హాల్లోనే వినాలి, చుట్టూ ఆరుగురు ఉండటం హెడ్‌ఫోన్లలో సగమే తెలుస్తుంది. ఫోన్ స్పీకర్లో మాత్రం ఇవేవీ వినొద్దు, కింది మంద్రం అసలు పలకదు.

ప్రశ్న: నేను చెల్లో నేర్చుకుంటున్నాను, ప్రోగ్రామింగ్ కొంచెం వచ్చు. నక్షత్రాల డేటాతో సొంతంగా ఒక చిన్న రచన చేయాలని ఉంది. మొదటి అడుగు చెప్పండి.

ఈ ఉత్తరం చదివి చాలా సంతోషం కలిగింది. మొదటి సలహా, డేటాని నేరుగా స్వరాలుగా మార్చకండి. ప్రకాశం పెరిగితే స్వరం పైకి, తగ్గితే కిందికి అని అందరూ అక్కడే మొదలుపెడతారు, అది ఒక నిమిషం తర్వాత ఎవరికీ పట్టదు. మీ వాద్యానికి సహజంగా వచ్చే కదలిక ఏదో, అలాంటి కదలిక ఉన్న నక్షత్రం ఏదో చూసుకోండి.

డెల్టా సెఫై అనే నక్షత్రం ఉంది. 1784లో జాన్ గుడ్‌రిక్ అనే ఇంగ్లిష్ యువకుడు దాని వెలుగు మారుతోందని గుర్తించాడు, ఆయనకి చిన్నతనం నుంచీ చెవులు వినబడవు. ఆ నక్షత్రం 5.37 రోజులకోసారి ఉబ్బి, తగ్గుతుంది, దాని వెలుగు రెట్టింపుకి కాస్త ఎక్కువగా మారుతుంది. ముఖ్యమైన సంగతి, సుమారు ఒకటిన్నర రోజులో చకచకా వెలుగెక్కి, తర్వాత దాదాపు నాలుగు రోజులు తీరిగ్గా మసకబారుతుంది. మీరు కమాను పట్టి చూడండి, త్వరగా బలం పుంజుకుని పొడుగ్గా సన్నగిల్లడం చెల్లో చేతికి ఎంత హాయిగా ఉంటుందో! ఒక రోజుని పది సెకన్లు అనుకుంటే ఒక ఆవర్తనం 54 సెకన్లు, 15 ఎక్కడానికి, 39 దిగడానికి. ఒక్క కమాను లాగుడికి 39 సెకన్లు ఎక్కువే, ఎక్కడ తిప్పాలో, ఆ తిప్పడం వినబడాలో వద్దో అదే మీ మొదటి సంగీతపరమైన నిర్ణయం.

యంత్రం వైపు, మిల్లర్ పకెట్ తయారుచేసిన ప్యూర్ డేటా అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మొదట ఒక్క పని చేయించండి, మీ చెల్లో తీవ్రతని వింటూ నక్షత్రపు వెలుగు రేఖతో పోల్చడం. మీరు రేఖ వెంట సరిగ్గా నడిస్తే స్పీకర్లు మౌనంగా ఉండాలి, మీరు తప్పుకున్నకొద్దీ ఆ తేడా మేరకు రింగ్ మాడ్యులేషన్ వినబడాలి. అప్పుడు నక్షత్రం మీ పక్కన కూర్చుని వాయించే తోటివాద్యం అవుతుంది, మీరు కావాలని తప్పుకునే హక్కూ మీకు ఉంటుంది, నాకైతే సంగీతం ఆ తప్పుకోవడంలోనే ఉంటుందనిపిస్తుంది. చంచల నక్షత్రాల (వెలుగు మారుతూ ఉండేవాటి) పరిశీలనలు అమెరికాలోని ఏఏవీఎస్ఓ సంస్థ దగ్గర ఎవరైనా తీసుకోవచ్చు, ఎన్నో ఏళ్లుగా ఔత్సాహికులు పంపినవి కుప్పలుగా ఉన్నాయి. అందులో మేఘాలు అడ్డొచ్చి పరిశీలన లేని రాత్రులు ఖాళీలుగా ఉంటాయి. వాటిని లెక్కకట్టి పూడ్చేయకండి, అక్కడ ఏం వాయించాలో మీరే ఆలోచించండి.

ప్రశ్న: ఇరవై ఏళ్లకి ఆ సాఫ్ట్‌వేర్ ఉండదు. అప్పుడు ఈ రచనలని ఎవరు వాయిస్తారు?

ఇది ఈ రంగంలో అందరినీ వేధిస్తున్న సమస్యే. "జుపిటర్" పుట్టిన 4ఎక్స్ అనే యంత్రం వాడకంలోంచి ఎప్పుడో పోయింది, రచనని తర్వాతి కంప్యూటర్ల మీదికి మళ్లీ మళ్లీ ఎక్కించుకుంటూ వచ్చారు కాబట్టి ఇప్పటికీ వాయిస్తున్నారు. ఇర్కామ్ లాంటి సంస్థ వెనకుంటే అది కుదురుతుంది, ఒంటరిగా పనిచేసేవాళ్లకి కుదరదు. అందుకని యంత్రం చేసే ప్రతి పనినీ మామూలు మాటల్లో, అంకెల్లో స్వరలిపిలోనే రాసేయాలి. "ఇక్కడ 100 హెర్ట్జ్‌తో రింగ్ మాడ్యులేషన్, 12 సెకన్లలో 200కి, వెనక స్పీకర్లలో మాత్రమే" అని కాగితం మీద ఉంటే రేపు ఏ యంత్రం వచ్చినా ఒక మంచి ఇంజనీరు దాన్ని తిరిగి కట్టగలడు. చెల్లో నేర్చుకుంటున్న పాఠకులు కూడా ఇది మొదటి రచన నుంచే అలవాటు చేసుకుంటే మంచిది, ప్రోగ్రామ్ ఫైలుతో పాటు, ఎలక్ట్రానిక్స్ లేకుండా వాయించిన చెల్లో రికార్డింగ్ ఒకటి విడిగా దాచుకోండి, కొత్త యంత్రం మీద సరిచూసుకోవడానికి అదే ఆధారం.